ఆర్‌వీలో ఫ్రిజ్, ఫర్నేస్, ఏసీ మొరాయిస్తే: కరెంటు లోపం వెతికే పద్ధతి

ఆర్‌వీలో, అంటే ఇంటి సౌకర్యాలతో ఉండే ట్రైలర్ లేదా మోటర్‌హోములో, ఏదైనా వస్తువు ఆగిపోగానే మొదట ఆ వస్తువు మీదే అనుమానం పోతుంది. ఫర్నేస్ (గ్యాస్‌తో బండి లోపల వెచ్చబరిచేది) వెలగకపోతే బోర్డు పోయిందని, ఏసీ ఆగితే కంప్రెసర్ పోయిందని వందల డాలర్లు పెట్టి పార్టులు తెప్పిస్తారు. తీరా చూస్తే లోపం బ్యాటరీ నెగటివ్ వైరు చివర పట్టిన తుప్పులోనో, క్యాంప్‌గ్రౌండ్ సాకెట్టులో కమిలిపోయిన ప్లగ్గులోనో ఉంటుంది. అందుకే ముందు వోల్టేజి కొలవండి. అదీ వస్తువు దగ్గరే, అది నడుస్తున్నప్పుడే కొలవండి. పార్టుల సంగతి ఆ తరవాత చూడొచ్చు.

అమెరికాలో తయారైన ఆర్‌వీలను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాం. ఇండియాలో ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఆర్‌వీలో దీనికి తోడు 12 వోల్టుల బ్యాటరీ లైను ఇంకొకటి ఉంటుంది.

ఏ వస్తువు ఏ లైను మీద

బయట సాకెట్టు నుంచి గానీ జనరేటర్ నుంచి గానీ వచ్చే 120 వోల్టుల లైను మీద నడిచేవి ఏసీ, మైక్రోవేవ్, గోడ సాకెట్లు, వాటర్ హీటర్‌లోని ఎలక్ట్రిక్ ఎలిమెంటు. లైట్లు, నీళ్ళ పంపు, ఫర్నేస్ ఫ్యాను, గ్యాస్ డిటెక్టరు, స్లైడ్ మోటార్లు (బండి గోడను బయటికి జరిపి గదిని పెంచేవి) 12 వోల్టుల లైను మీదివి. ఈ రెంటి మధ్య కన్వర్టర్ ఉంటుంది. అది 120ని 12గా మార్చి లైట్లకు అందిస్తుంది, బ్యాటరీని కూడా ఛార్జి చేస్తుంది.

చాలామందిని తికమక పెట్టేది రెండు లైన్లూ కావలసిన వస్తువుల విషయం. గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ 120 వోల్టుల మీద ఉన్నా దాని బోర్డుకు 12 వోల్టులు కావాలి. గోడ మీద థర్మోస్టాట్ ఉండే డక్టెడ్ ఏసీకీ అంతే. బయట ప్లగ్గులో నిండుగా కరెంటున్నా బ్యాటరీ వైపు ఒక 15 ఆంపియర్ల ఫ్యూజు పోతే ఏసీ ఉలకదు, పలకదు.

దగ్గర ఉండాల్సిన సామాను

డిజిటల్ మల్టీమీటరు తప్పనిసరి. డీసీ ఆంపియర్లు కూడా కొలవగల క్లాంప్ మీటరయితే మరీ మంచిది. వైరును తాకకుండానే కరెంటు ఉందో లేదో చెప్పే పెన్ను టెస్టరు, మూడు దీపాల సాకెట్ టెస్టరు, బ్లేడు ఫ్యూజులు (10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ, ఒక్కొక్కటి నాలుగైదు), వైరు బ్రష్, స్క్రూడ్రైవర్లు, తలకు కట్టుకునే లైటు ఉంచుకోండి. సుమారు పదడుగుల పొడవున్న విడి వైరొకటి, రెండు చివర్లా క్లిప్పులతో, పెట్టుకోండి. నెగటివ్ వైపు లోపం పట్టుకోవడానికి అంతకు మించిన పనిముట్టు లేదు.

రంగుల విషయంలో జాగ్రత్త. 120 వోల్టుల్లో నలుపు లైవ్, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ లేదా వట్టి రాగి తీగ ఎర్త్. 12 వోల్టుల వైపు చాలా ట్రైలర్లలో నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. కార్లలో నలుపంటే నెగటివ్ అని అలవాటైన చెయ్యి బ్యాటరీ మార్చేటప్పుడు ఇక్కడే తప్పు చేస్తుంది. తిరగేసి బిగించిన మరుక్షణం కన్వర్టర్‌లోని రివర్స్ పోలారిటీ ఫ్యూజులు పోతాయి. విప్పేముందు ఫొటో తీసి, ఏ వైరు ఏదో టేపు మీద రాసి అంటించండి.

120 వోల్టుల పెట్టె మూత తీసేముందు బయట ప్లగ్గు పీకండి, జనరేటర్ ఆపండి, ఇన్వర్టర్ ఆపండి. మూడూ ఆపాక మీటరు పెట్టి సున్నా వచ్చిందని చూసుకున్న తరవాతే చెయ్యి పెట్టండి.

మొదటి మెట్టు: బయటి సాకెట్టు

క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్గు పెట్టేముందే పెడెస్టల్‌ను, అంటే సాకెట్టు, బ్రేకర్ ఉండే కరెంటు స్తంభాన్ని, పరీక్షించాలి. 30 ఆంపియర్ల సాకెట్టుకు మూడు రంధ్రాలు, ఒకే 120 వోల్టుల లైను, మొత్తం 3,600 వాట్లు. 50 ఆంపియర్లదానికి నాలుగు రంధ్రాలు, రెండు లైవ్‌లు, ఒక్కొక్కటి 120 వోల్టులు, మొత్తం 12,000 వాట్లు. పేరులో 30కి 50కి తేడా కొంచెమే అనిపించినా అందే కరెంటు మూడు రెట్లకు పైనే.

1. పెడెస్టల్ బ్రేకర్ ఆపి సాకెట్టును చూడండి. రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కరిగినా, ఇంకో సైటు అడగండి. లోపలి స్ప్రింగు పట్టు సడలిన చోట వేడి పుడుతుంది, మీ ప్లగ్గు బ్లేడు కమిలిపోతుంది.

2. బ్రేకర్ వేసి కొలవండి. 30లో లైవ్–న్యూట్రల్ మధ్య సుమారు 120, లైవ్–ఎర్త్ మధ్య 120, న్యూట్రల్–ఎర్త్ మధ్య దాదాపు సున్నా రావాలి. 50లో ప్రతి లైవ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 120, రెండు లైవ్‌ల మధ్య 240 ఉండాలి. త్రీ ఫేజ్ సరఫరా ఉన్న పార్కుల్లో ఆ 240 చోట 208 వస్తుంది, అది లోపం కాదు.

3. బ్రేకర్ ఆపి ప్లగ్గు పెట్టండి, ఆ తరవాత బ్రేకర్ వేయండి. పీకేటప్పుడూ ముందు బ్రేకర్ ఆపాలి. లోడు మీద ప్లగ్గు పీకితే నిప్పురవ్వ లేచి బ్లేడు మీద గుంటలు పడతాయి. ఆ గుంటలే తరవాత వేడికి మూలం.

4. లోపల ఏసీ వేసి, ఏదైనా గోడ సాకెట్టులో మళ్ళీ కొలవండి. ఖాళీగా 120 చూపించింది ఏసీ వేయగానే 108కి పడితే లైను బలహీనంగా ఉందన్నమాట. 104కి దిగితే ఏసీ ఆపేయండి. వోల్టేజి తగ్గిన కొద్దీ మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పార్కంతా ఏసీలు నడుస్తున్నప్పుడు ఇది మామూలే. పొద్దున 118 ఉన్న సైటు సాయంత్రం నాలుగింటికి 103 చూపించవచ్చు.

50 ఆంపియర్ల సాకెట్టులో అన్నిటికన్నా ప్రమాదం న్యూట్రల్ తెగడం. రెండు లైవ్‌ల మధ్య 240 అలాగే ఉంటుంది, కానీ దాన్ని సరిసమానంగా పంచే న్యూట్రల్ ఉండదు. తక్కువ లోడున్న వైపు 170, 180కి ఎగబాకుతుంది, ఎక్కువ లోడున్న వైపు 60కి పడిపోతుంది. కొన్ని లైట్లు కళ్ళు చెదిరేలా వెలిగి, ఇంకొన్ని మసకబారితే వెంటనే బ్రేకర్ ఆపండి. మైక్రోవేవ్, టీవీ, కన్వర్టర్ కలిసి ఒకేసారి పోయిన కేసుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

దీనికి మందు ఈఎంఎస్ అనే రక్షణ పెట్టె. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ పిడుగుపాటు లాంటి క్షణికపు ఉరవడిని మాత్రమే అడ్డుకుంటుంది. ఈఎంఎస్ అయితే వోల్టేజి తగ్గినా, పెరిగినా, న్యూట్రల్ తెగినా, ఎర్త్ లేకపోయినా లైనును తెంపేస్తుంది. ప్రోగ్రెసివ్ ఇండస్ట్రీస్ పెట్టెల్లో ఆ హద్దులు 104, 132 వోల్టులు. ఆర్‌వీ ఉన్నవాళ్ళు కొనాల్సిన మొదటి సామాను ఇదేనని మా అభిప్రాయం. ఏసీ మొదలయ్యేటప్పటి ఉరవడిని తగ్గించే సాఫ్ట్ స్టార్ట్ కూడా దీని తరవాతే.

బండి మెట్టు మీద కాలు పెట్టి తలుపు పట్టుకోగానే చురుక్కుమంటే ఆ బండి బయటి రేకుకు కరెంటు వస్తోంది. లోపల ఎక్కడో లీకు ఉంది, దాన్ని మోసుకుపోవాల్సిన ఎర్త్ తెగి ఉంది. పెన్ను టెస్టరు రేకు దగ్గర పెడితే మోగుతుంది. తడి నేల మీద చెప్పుల్లేని పిల్లలు ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరినీ తాకనీయకుండా పెడెస్టల్ బ్రేకర్ ఆపండి. ముందు ఎర్త్ ఎక్కడ తెగిందో తేల్చాలి, లీకు సంగతి తరవాత.

ఇంటి దగ్గర పెట్టుకునే 30 ఆంపియర్ల సాకెట్టు

ఇంటి పక్కన ఆర్‌వీ నిలుపుకోవడానికి ఎలక్ట్రీషియన్ చేత 30 ఆంపియర్ల సాకెట్టు పెట్టించేవాళ్ళు ఇది చదవకుండా ముందుకు పోవద్దు. ఇళ్ళలో 30 ఆంపియర్లంటే బట్టలారబెట్టే డ్రయ్యరుకిచ్చే 240 వోల్టుల లైనే చాలామంది ఎలక్ట్రీషియన్ల మనసులో ఉంటుంది. ఆర్‌వీ సాకెట్టు పేరు టీటీ-30. దానికి ఇవ్వాల్సింది 120 వోల్టులు, సింగిల్ పోల్ బ్రేకర్, 10 గేజి వైరు. డబుల్ పోల్ బ్రేకర్ పెట్టి 240 ఇస్తే బండి ప్లగ్గు పెట్టిన కొన్ని సెకన్లలో లోపలివన్నీ కాలిపోతాయి. ఎవరెంత ధీమాగా చెప్పినా సరే, మీటరుతో 120 కళ్ళారా చూశాకే ప్లగ్గు పెట్టండి.

బ్రేకర్ పడిపోతుంటే ముందు కూడిక వేయండి

30 ఆంపియర్ల బండిలో ఏది ఎంత లాగుతుందో చూడండి. 13,500 బీటీయూ ఏసీ 12–13 ఆంపియర్లు. వాటర్ హీటర్ ఎలిమెంటు 12. మైక్రోవేవ్ 12–13. ఇండక్షన్ పొయ్యి పూర్తి వేడిలో 15. 1,000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్ 8. ఫ్రిజ్ 3. బ్యాటరీ ఛార్జవుతుంటే కన్వర్టర్ మరో 5–8.

ఏసీ నడుస్తుండగా, వాటర్ హీటర్ ఆపడం మరిచిపోయి, ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెడితే ఆ మూడింటికే 30 దాటింది. బ్రేకర్ వెంటనే పడదు, పది పదిహేను నిమిషాలు వేడెక్కి పడుతుంది. అందుకే కారణం తోచదు. స్నానాల వేళ వాటర్ హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చుకుంటే 12 ఆంపియర్లు మిగులుతాయి.

లోడు తక్కువగా ఉన్నా బ్రేకర్ పడుతుంటే దాన్ని చేత్తో తాకి చూడండి. పక్క బ్రేకర్ల కన్నా బాగా వేడిగా ఉంటే స్క్రూ వదులైంది లేదా బ్రేకర్ అరిగింది. రోడ్డు కుదుపులకు ఆర్‌వీలో స్క్రూలు సడలడం సహజం. కరెంటు మొత్తం తీసేసి ఏడాదికోసారి పెట్టెలోని స్క్రూలన్నీ బిగించండి. బ్రేకర్ పడిపోతోందని పెద్ద బ్రేకర్, పెద్ద ఫ్యూజు వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అవి వైరును కాపాడటానికున్నవి. వాటిని పెంచితే కాలేది గోడలోని వైరు.

రెండో మెట్టు: బ్యాటరీ, కన్వర్టర్

12 వోల్టుల వస్తువేదైనా సరిగా నడవకపోతే బ్యాటరీ దగ్గరికి వెళ్ళండి. బయటి ప్లగ్గు పీకి, లోడు లేకుండా కాసేపు వదిలి కొలిస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.6–12.7, సగానికి 12.2, పావుకు 12.0 చూపిస్తుంది. 12.0 ఉంది, 12 వోల్టుల బ్యాటరీయే కదా అని తృప్తి పడకండి. అది దాదాపు ఖాళీ.

ఇప్పుడు ప్లగ్గు పెట్టి మళ్ళీ బ్యాటరీ మీదే కొలవండి. 13.2 నుంచి 14.4 దాకా ఎంతున్నా కన్వర్టర్ ఛార్జి చేస్తోంది. అంకె మారకుండా 12.4 దగ్గరే ఉంటే ఛార్జింగ్ రావడం లేదు. అప్పుడు ఈ వరసలో చూడండి:

మొదట బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ స్టోర్ (బ్యాటరీని విడదీసే) వైపు ఉందేమో చూడండి. తరవాత కన్వర్టర్ బ్రేకర్. ఆ పైన ఫ్యూజు పెట్టెలో విడిగా, జంటగా ఉండే 30 లేక 40 ఆంపియర్ల రివర్స్ పోలారిటీ ఫ్యూజులు. కంటితో చూసి బాగుందనుకోకుండా, ఫ్యూజు నెత్తి మీద కనిపించే రెండు లోహపు చుక్కల దగ్గరా మీటరు పెట్టి రెండువైపులా వోల్టేజి చూడండి. ఒకవైపే వస్తే ఫ్యూజు పోయింది. అవీ బాగుంటే బ్యాటరీ పెట్టె దగ్గర, ఫ్రేముకు బిగించి ఉండే చిన్న లోహపు బ్రేకర్‌ను చూడాలి. వానకు, బురదకు గురయ్యే చోట ఉంటుంది కాబట్టి లోపల తుప్పు పట్టి ఒకవైపు 13.6, ఇంకోవైపు 12.3 చూపిస్తుంది. కన్వర్టర్ మంచిదే అయినా మార్చేసిన సందర్భాల్లో అసలు దోషి తరచూ ఈ కొద్ది డాలర్ల బ్రేకరే.

లిథియం బ్యాటరీ వేసుకున్నవాళ్ళకు రెండు మాటలు. పాత కన్వర్టర్ 13.6 దగ్గరే ఆగిపోతే లిథియం పూర్తిగా నిండదు, దానికి 14.2–14.6 కావాలి. చలికి బ్యాటరీ ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్ కన్నా కిందికి పడితే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేస్తుంది. బ్యాటరీ మరీ ఖాళీ అయితే అదే బీఎంఎస్ మొత్తం తెంపేసి మీటరులో సున్నా చూపించవచ్చు. బ్యాటరీ చచ్చిపోయిందని పారేయకండి, లిథియం ఛార్జర్ పెడితే చాలాసార్లు లేస్తుంది.

వోల్టేజి ఎక్కడ తగ్గుతోందో పట్టుకోవడం

సన్నటి వైరు, తుప్పు పట్టిన కనెక్షన్ ఖాళీగా ఉన్నప్పుడు దొరకవు. నీళ్ళ పంపు ఆపి కొలిస్తే వైర్ల దగ్గర 12.6 వస్తుంది. పంపు వేయగానే అదే చోట 10.2 చూపిస్తుంది. 12 వోల్టుల లైనులో ఒక వోల్టు పోతే వందకు ఎనిమిది వంతులు పోయినట్టు. 120లో ఒక వోల్టు లెక్కలోకే రాదు, ఇక్కడ మోటారు నెమ్మదిస్తుంది.

1. వస్తువును నడపండి. బ్యాటరీ మీద కొలవండి, వెంటనే వస్తువు వైర్ల దగ్గర కొలవండి. తేడా అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో పోతోంది.

2. మీటరు ఎరుపును బ్యాటరీ పాజిటివ్ మీద, నలుపును వస్తువు పాజిటివ్ మీద పెట్టండి. తీగ అందకపోతే ఆ పదడుగుల వైరు కలపండి. వచ్చిన అంకె పాజిటివ్ దారిలో పోయిన వోల్టేజి.

3. అలాగే వస్తువు నెగటివ్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. పెద్ద అంకె ఇక్కడే రావడం ఎక్కువ. ఫ్రేముకు బిగించిన ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు ఉంటాయి. బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి.

సగం సాకెట్లు పోతే

వంటింట్లో, బాత్రూంలో, బయట గోడ మీద సాకెట్లు ఒకేసారి చచ్చిపోయి, బ్రేకర్లన్నీ బాగానే ఉంటే బాత్రూంలోని జీఎఫ్‌సీఐ సాకెట్టు (కరెంటు లీకును కనిపెట్టి లైను తెంపేది) మీద రీసెట్ నొక్కండి. ఇవన్నీ దాని వెనక గొలుసుగా ఉంటాయి. 4–6 మిల్లీఆంపియర్ల లీకుకే అది తెంపుతుంది. వాన తరవాత పడితే బయటి సాకెట్టు మూత తీసి లోపల తడి చూడండి. జీఎఫ్‌సీఐకి సంబంధం లేని ఒక్క సాకెట్టు మాత్రమే పోతే, వైరును వెనక నొక్కి పెట్టే రకం సాకెట్టు అయ్యుండవచ్చు. కుదుపులకు ఆ పట్టు వదులవుతుంది. దాన్ని తీసేసి స్క్రూ రకం సాకెట్టు, పెట్టెతో సహా పెట్టండి.

ఫర్నేస్: ఫ్యాను తిరుగుతుంది, వేడి రాదు

చలి రాత్రుల్లో వచ్చే మొదటి ఫిర్యాదు ఇదే. ఫర్నేస్ ఒక వరసలో పనిచేస్తుంది. ఆ వరస తెలిస్తే లోపం దానంతట అదే బయటపడుతుంది. థర్మోస్టాట్ పిలవగానే ఫ్యాను తిరుగుతుంది. గాలి ఒత్తిడికి ఒక పలచటి రేకు వంగి సెయిల్ స్విచ్ కలుస్తుంది. తరవాత, మితిమీరి వేడెక్కితే తెగే లిమిట్ స్విచ్ గుండా కరెంటు బోర్డుకు చేరుతుంది. బోర్డు గ్యాస్ వాల్వు తెరిచి నిప్పు కొడుతుంది. మంట కనిపించకపోతే వాల్వు మూసి మళ్ళీ ప్రయత్నిస్తుంది, మూడుసార్లకీ వెలగకపోతే చాలా మోడళ్ళు ఇక ప్రయత్నించడం మానేస్తాయి.

టిక్ టిక్ అనే నిప్పు చప్పుడు అసలు వినపడక, ఫ్యాను మాత్రం తిరుగుతుంటే అడ్డు సెయిల్ స్విచ్ దగ్గర. ఫ్యాను దాదాపు ముప్పాతిక వేగం అందుకుంటే తప్ప ఆ రేకు వంగదు. బ్యాటరీ 11 వోల్టులకు దిగితే ఫ్యాను తిరుగుతుంది గానీ ఆ వేగం అందుకోదు. కాబట్టి ఫర్నేస్ విప్పేముందు, ఫ్యాను నడుస్తుండగా దాని వైర్ల దగ్గర వోల్టేజి చూడండి. 11.5 కన్నా తక్కువుంటే ఫర్నేస్ జోలికి పోవద్దు, బ్యాటరీ సంగతి చూడండి. పెద్ద ఫర్నేస్ ఫ్యాను 7–8 ఆంపియర్లు లాగుతుంది. పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 35–40 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడదగ్గది 50. తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు చల్లబడటానికి కారణం ఈ లెక్కే.

వోల్టేజి బాగుంటే, ఫ్యాను తిరుగుతుండగా సెయిల్ స్విచ్ రెండు టెర్మినళ్ళ దగ్గరా నెగటివ్‌తో కొలవండి. ఒకవైపు 12 ఉండి ఇంకోవైపు సున్నా అయితే అది కలవడం లేదు. రేకుకు కుక్కవెంట్రుకలు, దూది చుట్టుకుని ఉంటాయి, లేదా గాలి వెళ్ళే డక్టు నలిగి మూసుకుపోయి ఉంటుంది. శుభ్రం చేసినా కలవకపోతే స్విచ్ మార్చండి. దాన్ని వైరుతో శాశ్వతంగా కలిపేసి నడపడం ఘోరమైన తప్పు. ఫ్యాను ఆగినా మంట వెలుగుతూనే ఉండే దారి తెరిచినట్టవుతుంది.

నిప్పు చప్పుడు వినపడి మంట రాకపోతే గ్యాస్ వైపు చూడాలి. సిలిండరు వాల్వు ఠక్కున తెరిస్తే లోపలి భద్రతా వాల్వు పడిపోయి గ్యాస్ సన్నగిల్లుతుంది. మూసి, నెమ్మదిగా తెరవండి. బయటి పొగగొట్టంలో కుమ్మరి పురుగులు మట్టిగూళ్ళు కడతాయి, టార్చి వేసి చూడండి.

గ్యాస్–ఎలక్ట్రిక్ ఫ్రిజ్

ముందు ఒక పరీక్ష సగం పని తేలుస్తుంది. కరెంటు మీద చల్లబడక, గ్యాస్ మీదికి మార్చి రాత్రంతా వదిలితే చల్లబడిందా? అయితే చల్లబరిచే గొట్టాల వ్యవస్థ బాగుంది, లోపం ఎలిమెంటులోనో దాని లైనులోనో ఉంది. ఈ ఫ్రిజ్‌లు మెల్లిగా పనిచేస్తాయి, ఖాళీది చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది. రెండు గంటల్లో తీర్పు చెప్పకండి.

బయటి వెంటు మూత తీస్తే ఫ్రిజ్ వెనక భాగం, దాని ప్లగ్గు కనిపిస్తాయి. ఆ సాకెట్టులో 120 ఉందా చూడండి. ఉంటే బోర్డు మీది ఫ్యూజులు రెండూ తీసి పరీక్షించండి. తరవాత ప్లగ్గు పీకి ఎలిమెంటు వైర్లు విడదీసి ఓములు కొలవండి. 14,400ను ఎలిమెంటు మీద రాసిన వాట్లతో భాగిస్తే రావాల్సిన అంకె వస్తుంది. 325 వాట్లకు సుమారు 44 ఓములు. అసలేమీ చూపించకపోతే ఎలిమెంటు తెగింది.

ముందు ప్యానెల్ లైట్లే వెలగకపోతే అది 12 వోల్టుల సమస్య. బోర్డు దగ్గర వోల్టేజి కొలవండి.

గ్యాస్ మీదా కరెంటు మీదా చల్లబడక, వెనక అమ్మోనియా ఘాటు, పసుపు పొడి కనిపిస్తే గొట్టం పగిలింది. వెంటనే ఆపేయండి, అందులో హైడ్రోజన్ కూడా ఉంటుంది, అది మండే వాయువు. బండిని వాలుగా నిలిపి ఈ ఫ్రిజ్ నడిపితే ద్రవం పారక వేడెక్కి గొట్టాలు పూడుకుపోతాయి. పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీలు చాలా మోడళ్ళకు హద్దు.

వాటర్ హీటర్

ఎలిమెంటు 1,440 వాట్లు. ప్లగ్గు పీకి, వైర్లు విడదీసి కొలిస్తే సుమారు 10 ఓములు రావాలి. ఒక్కొక్క టెర్మినల్‌కూ ట్యాంకు లోహానికీ మధ్య మాత్రం ఏమీ రాకూడదు. అక్కడ ఏ కొద్ది అంకె వచ్చినా ఎలిమెంటు లీకవుతోంది. ఇంటి గరాజు జీఎఫ్‌సీఐ సాకెట్టులో బండి ప్లగ్గు పెట్టగానే పడిపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఎలిమెంటు కాలడానికి మూలం ఖాళీ ట్యాంకు. చలికాలంలో నీళ్ళు ట్యాంకులోకి పోకుండా మళ్ళించే బైపాస్ వాల్వును ఆ తరవాత తిరిగి తిప్పడం మరిచి స్విచ్ వేస్తే కొన్ని నిమిషాల్లో పోతుంది. వేడినీళ్ళ కుళాయి తిప్పి, గాలి లేకుండా ధార వచ్చాకే స్విచ్ వేయండి. సబర్బన్ కంపెనీ చాలా మోడళ్ళలో లోపలి స్విచ్ కాక బయటి మూత వెనక, కింద ఎడమ మూల ఇంకో చిన్న స్విచ్ ఉంటుంది. అది ఆపి ఉందేమో కూడా చూడండి. అక్కడే రబ్బరు మూత కింద రెండు రీసెట్ బటన్లు ఉంటాయి, నొక్కితే క్లిక్ మంటే అదే పడిపోయిందన్నమాట.

ఏసీ

ఫ్యాను తిరిగి, కంప్రెసర్ మొదలవబోతూ కొన్ని సెకన్లు మూలిగి ఆగిపోతే రెండే ముఖ్య అనుమానాలు: తక్కువ వోల్టేజి, బలహీనపడిన కెపాసిటర్. అది మొదలయ్యే క్షణంలో మామూలుకు నాలుగైదు రెట్లు ఆంపియర్లు లాగుతుంది. ఆపిన వెంటనే మళ్ళీ వేసినా ఇలాగే మూలుగుతుంది, ఐదు నిమిషాలు ఆగి వేయండి.

వోల్టేజి బాగుంటే, కరెంటు పూర్తిగా తీసి పైకెక్కి మూత విప్పండి. కెపాసిటర్ కరెంటు తీసినా దెబ్బ కొడుతుంది. 20,000 ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌ను టెర్మినళ్ళ మధ్య కొన్ని సెకన్లు పట్టి, మీటరులో సున్నా చూసుకోండి. వైర్లు తీసి మైక్రోఫారడ్లు కొలవండి. డబ్బా మీద రాసినదానికన్నా నూటికి 6 కంటే ఎక్కువ తగ్గితే మార్చండి. పైభాగం ఉబ్బితే కొలవనవసరమే లేదు.

మైక్రోవేవ్‌ను మాత్రం విప్పకండి. దాని కెపాసిటర్‌లో వేల వోల్టులుంటాయి. సాకెట్టులో నిండు వోల్టేజి ఉండి అది వేడి చేయకపోతే మార్చేయడమే.

ఇన్వర్టర్, జనరేటర్, మన మిక్సీలు

ఇన్వర్టర్ మీద 1,000 వాట్ల వస్తువు నడిపితే బ్యాటరీ నుంచి 90 ఆంపియర్లకు పైనే పోతుంది. అంత లాగినప్పుడు వోల్టేజి పడి ఇన్వర్టర్ కూతపెట్టి ఆగితే, బ్యాటరీ కన్నా ముందు కేబుల్ చివర్లు తాకి వేడి చూడండి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీని స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపేవాళ్ళు దాన్ని ఇన్వర్టర్‌కు తగిలించకండి. మోడిఫైడ్ సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమని వేడెక్కుతుంది, ప్యూర్ సైన్ వేవ్‌దయినా మొదలయ్యే ఉరవడికి పడిపోవచ్చు. 110 వోల్టుల మిక్సీ కొనుక్కోవడం తేలిక.

జనరేటర్ నడుస్తున్నా లోపల కరెంటు లేకపోతే అర నిమిషం ఆగండి, బయటి కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఆలస్యంగా కలుస్తుంది. అప్పటికీ రాకపోతే జనరేటర్ ఒంటి మీదే ఉండే బ్రేకర్ చూడండి. మోటర్‌హోముల్లో ఇంధనం పావు ట్యాంకుకు దిగితే జనరేటర్ తనంతట ఆగిపోతుంది, తిరిగి వెళ్ళడానికి డీజిలో పెట్రోలో మిగలాలని అలా కట్టారు.

ఎత్తు కూడా లెక్కే. ప్రతి 1,000 అడుగులకు జనరేటర్ శక్తి సుమారు 3.5 శాతం తగ్గుతుంది. గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగులు. అక్కడి మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు హుకప్‌లు లేవు, పక్కనున్న ట్రైలర్ విలేజ్‌లో ఉన్నాయి. డాలస్‌లో ఏసీని తేలిగ్గా లాగిన 4,000 వాట్ల జనరేటర్ ఆ ఎత్తులో 3,000 వాట్లదవుతుంది. అక్కడ ఏసీ, మైక్రోవేవ్ కలిపి వేస్తే జనరేటర్ ఆగిపోతుంది. అది పాడైపోలేదు.

నిలిపి ఉంచితే బ్యాటరీ ఖాళీ

అన్నీ ఆపినా గ్యాస్ డిటెక్టరు, రేడియో, టీవీ యాంటెనా బూస్టరు కలిసి అర ఆంపియరు నుంచి ఒక ఆంపియరు దాకా లాగుతూనే ఉంటాయి. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు నుంచి నాలుగు రోజుల్లో సగానికి వస్తుంది. క్లాంప్ మీటరు నెగటివ్ కేబుల్‌కు తగిలించి, ఒక్కొక్క ఫ్యూజే పీకుతూ పొండి. ఏ ఫ్యూజు పీకితే అంకె దబ్బున పడిందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. అన్నీ పీకినా అంకె తగ్గకపోతే, బ్యాటరీకి నేరుగా కలిపిన వైర్లు చూడండి. ట్రైలరు నాలుక మీది జాకు, సోలార్ కంట్రోలరు, అత్యవసర బ్రేక్ స్విచ్ (ట్రైలరు లాగే బండి నుంచి ఊడిపోతే బ్రేకులు వేసేది) ఫ్యూజు పెట్టె గుండా రావు. ఆ బ్రేక్ స్విచ్ పిన్ను ఊడి ఉంటే చక్రాల బ్రేకులు పట్టుకునే ఉండి బ్యాటరీని గంటల్లో పీల్చేస్తాయి. పిన్ను తిరిగి గుచ్చాక, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి ఉందేమో చూసి, బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి మర్నాడు మళ్ళీ కొలవండి.